అప్పీలు లేని లండన్ సీటు

నల్లకోటు కొత్తగా కుట్టించుకున్న కుర్రవాళ్లు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వకాలతులో పైకి రావాలంటే ఏం చదవాలని అడుగుతారు. చట్టం చదవమంటాను. ఆ మాట ఎవరైనా చెప్తారు. చెప్పని మాట ఇంకొకటుంది. మన దగ్గరికి వచ్చే మనిషి సలహా కోసం రాడు. ఇంట్లో కూర్చుని తీర్పు తనే రాసుకుని వస్తాడు, దాని కింద మన సంతకం కావాలంటాడు. సంతకం పెట్టిన వకీలు ఘనుడు, పెట్టనివాడు తెలివితక్కువవాడు. నేను కరీంనగరం కోర్టుల్లో పనిచేసినన్నాళ్లూ రెండో రకంలోనే లెక్క.

నా కేసుల గొప్పలు ఇక్కడ రాయను. గెలిచినవాటిలో సగం అవతలి వకీలు మతిమరుపు వల్ల గెలిచినవే. ఒక్క సంగతి మాత్రం రాస్తాను. అది అసలు కేసే కాదు. ఒక దొరగారు తన కొడుకును లండన్‌లో చదివించాలనుకుని, సీటు వస్తుందా, ఎంత ఖర్చవుతుందో లెక్కకట్టి చెప్పమని నన్ను అడిగారు. ఆ ఒక్క లెక్క వల్ల నాకు మనుషుల గురించి తెలిసినంత, పాతికేళ్ల కోర్టు వల్ల తెలియలేదు.

మా సీనియర్

పోలీస్ యాక్షన్ అయిన కొన్నేళ్లకు నేను వకీలు సనదు తీసుకుని కరీంనగరంలో ఒక బారిష్టరు గారి దగ్గర జూనియర్‌గా చేరాను. కోర్టులు అప్పుడప్పుడే ఉర్దూ నుంచి ఇంగ్లీషులోకి మారుతున్నాయి. ఉర్దూలో గంటసేపు గుక్కతిప్పుకోకుండా వాదించే పాత వకీళ్లు, ఇంగ్లీషులో వాయిదా అడగడానికి కూడా తడబడేవాళ్లు. ఆ గందరగోళంలో ఇంగ్లీషు మాట్లాడటమే న్యాయశాస్త్రమని జనం అనుకున్నారు. మా సీనియర్‌కు అదే అక్కరకొచ్చింది.

ఆయనను అందరూ బారిష్టరు సాబ్ అనేవాళ్లు. ఆయన చదువు కింద వాళ్ల నాయన భూముల్లో మంచి వాటా కరిగిపోయిందని ఊరంతా చెప్పుకునేది, ఆయన కూడా గర్వంగానే చెప్పేవాడు. ఇంగ్లండు గురించి ఎంతసేపైనా మాట్లాడేవాడు. పొగమంచు గురించి, చేపకు ఏ కత్తి వాడాలి, మాంసానికి ఏ కత్తి వాడాలి అనే దాని గురించి. అక్కడ ఒక్క కేసు విన్నట్టు గానీ, ఒక్క జడ్జిని చూసినట్టు గానీ ఆయన నోట నేను వినలేదు.

ఒకసారి ఎడ్ల దొంగతనం కేసులో సాక్షిని ప్రశ్నించాడు. సాక్షి గొర్లు కాసుకునే కొమురయ్య. బారిష్టరు సాబ్ కోటు అంచులు రెండు చేతులా పట్టుకుని ఇంగ్లీషులో ఒక ప్రశ్న వేశాడు. అది ఎక్కడ మొదలైందో ముగిసేసరికి నాకే గుర్తులేదు. తర్జుమా చేసే గుమాస్తా నీళ్లు నమిలాడు. కొమురయ్య ఆయన మొహంలోకి చూసి, జడ్జి వైపు తిరిగి, "సారూ, గీయన నన్ను అడుగుతుండా, తిడుతుండా?" అన్నాడు. జడ్జి కలం కింద పెట్టి, నాకూ అదే అనుమానంగా ఉందన్నాడు. ఆ కేసు ఓడిపోయాం. ఫీజు మాత్రం బారిష్టరు ఫీజే తీసుకున్నాం.

దొర అడిగిన లెక్క

జనార్దనరావు దొరది మంథని అవతల గోదావరి ఒడ్డున ఒక ఊరు. రైతులు తిరగబడ్డ రోజుల్లో రాత్రికి రాత్రి హైదరాబాదు పారిపోయి, పోలీస్ యాక్షన్ తరువాత తెల్ల కాంగ్రెస్ టోపీ పెట్టుకుని తిరిగొచ్చిన దొరల్లో ఆయనొకడు. టోపీ ఒక్కటే కొత్తది.

ఒకరోజు జీపులో మా ఆఫీసుకు వచ్చాడు. బారిష్టరు సాబ్ హైదరాబాదులో ఉండటం వల్ల నా ఎదురుగా కూర్చున్నాడు.

"వకీల్ సాబ్, మా మాధవున్ని లండన్ పంపుత. బారిష్టరు చేస్త. సీటు ఎట్ల వస్తదో, ఎన్ని పైసలు పడ్తయో జర లెక్కగట్టి చెప్పు" అన్నాడు.

మా వైపు ఇంగ్లండు మొత్తం లండనే. ఆయన మనసులో ఉన్నది మాత్రం అక్కడి ఒక పాత యూనివర్సిటీ. పేరు మా సీనియర్ ఆయన చెవిలో వేశాడు. రాజుల పిల్లలు, మంత్రుల పిల్లలు చదివే చోటు. ముందు అక్కడ డిగ్రీ, ఆ పైన బారిష్టరు పరీక్షలు, ఇదీ ఏర్పాటు.

"ఇంటర్‌ల ఏ క్లాసు వచ్చింది దొరా?" అని అడిగాను.

"పాసైండు."

"ఏ క్లాసుల?"

"పాసైండంటున్న గద. క్లాసుల సంగతి ఎందుకు? ఆడ గూడ గివే బెంచీల మీద కూసోవెడ్తరు గద!"

మాధవరావు మూడో క్లాసులో, అదీ రెండో దెబ్బకు పాసయ్యాడని తరువాత తెలిసింది.

"ఇంతకు బారిష్టరే ఎందుకు దొరా? హైదరాబాదుల లా చదివినా కోర్టుల బారిష్టరూ వకీలూ ఒకటే. జడ్జి ఇద్దరినీ ఒకటే తీరు కోప్పడుతడు."

దొర ముందుకు వంగాడు. "సూడు, కొత్త కౌలు చట్టమొచ్చింది. నా భూములు దున్నెటోళ్లకు హక్కులట. నిన్నమొన్నటి దనుక నా వాకిట్ల చెప్పులిడిసి నిలబడ్డోళ్లు నా మీద కేసులేస్తరట. ఇంట్ల ఒక్క బారిష్టరు ఉంటె ఎవడన్న నా గడప తొక్కుతడా?"

"మరి ఖర్చుకు పైసలు?"

"ఏమున్నది, భూమి అమ్ముత."

భూమిని కాపాడటానికి బారిష్టరు కావాలి, బారిష్టరు కావాలంటే భూమి అమ్మాలి. ఈ మాట ఆయన నవ్వకుండా చెప్పాడు. నేనూ నవ్వకుండా విన్నాను. మన వృత్తిలో అదీ ఒక విద్యే.

లెక్క మాత్రం శ్రద్ధగా కట్టాను. హైదరాబాదు వెళ్లి, ఒక లైబ్రరీలో ఆ యూనివర్సిటీ నిబంధనల పుస్తకం తిరగేశాను. నాకు పాఠం చెప్పిన ప్రొఫెసరును కలిశాను. తిరిగి వచ్చి తెలుగులో, దొరకు అర్థమయ్యేటట్టు రాశాను.

సీటు సంగతి ముందు. అక్కడి కాలేజీలు మన దేశం నుంచి ఏటా కొద్దిమందినే తీసుకుంటాయి. ఆ కొద్దిమందీ మద్రాసు, కలకత్తా, బొంబాయి కాలేజీల్లో మొదటి వరుసవాళ్లు. మార్కులు చూస్తారు, ప్రిన్సిపాలు ఏం రాశాడో చూస్తారు, లాటిన్ గానీ దాని బదులు సంస్కృతం లాంటి పాత భాష గానీ వచ్చా అని చూస్తారు. దొర కొడుకు అని చూడరు, ఎందుకంటే ఆ యూనివర్సిటీలో అందరూ ఏదో ఒక దొర కొడుకులే. కాబట్టి ఆశ లేదు.

తరువాత ఖర్చు. ఓడ టిక్కెట్టు, కాలేజీ ఫీజు, గది అద్దె, భోజనం, చలికోట్లు, గదిలో మంట వేసుకోవడానికి మళ్లీ వేరే పైసలు. అన్నీ పౌండ్లు. ఒక్కో పౌండుకు పదమూడు రూపాయల పైచిలుకు, అవీ మన నిజాం హాలీ సిక్కాలు కావు, ఇండియా సర్కారు కల్దార్ రూపాయలు. డిగ్రీకి మూడేళ్లు, బారిష్టరు పరీక్షలకు ఆ పైన. మొత్తం కలిపితే దొర నదివొడ్డు మాగాణి అంతా అమ్మినా చాలదు. అదే పిల్లవాడు హైదరాబాదులో లా చదివితే, ఆ డబ్బులో మొదటి ఏడాది వడ్డీతో చదువు పూర్తవుతుంది. ఇంకో మాట కూడా రాశాను. సర్కారు అనుమతి లేనిదే పౌండ్లు దొరకవు, సీటు వచ్చినట్టు కాగితం లేనిదే ఆ అనుమతి రాదు.

దొర చదువుకుని, కాగితాన్ని మధ్యకు చింపాడు.

"నువ్వు హైదరాబాదుల సదివినవ్. లండన్ సంగతి నీకేమెరుక?"

అప్పటికి బారిష్టరు సాబ్ తిరిగొచ్చాడు. పక్క గదిలోంచి అంతా విని బయటికి వచ్చి దొర భుజం మీద చెయ్యి వేశాడు.

"మా జూనియర్ మంచివాడే దొరగారూ, కానీ ఎడ్లబండి లెక్కలు కడతాడు. అక్కడ మార్కులు ఎవరడుగుతారు? వంశం అడుగుతారు. నేనొక ఉత్తరం రాస్తే చాలు. మీరు డబ్బు సంగతి చూసుకోండి, సీటు నాకు వదిలేయండి."

దొర మొహం వెలిగిపోయింది. తన తీర్పు కింద సంతకం దొరికింది. చింపిన కాగితం ముక్కలు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. అంత పెద్ద దొర ఆ ముక్కలు కూడా నాకు వదిలిపెట్టలేదు.

మంథనిలో సంస్కృతం

బారిష్టరు సాబ్ దరఖాస్తు పంపాడు. లాటిన్ చెప్పేవాళ్లు దగ్గరలో లేరు కాబట్టి పిల్లవాడిని సంస్కృతానికి మంథనిలో ఒక శాస్త్రి గారి దగ్గర పెట్టారు. లండన్ పోవడానికి మంథని అరుగు మీద శబ్దాలు వల్లె వేసినవాడు నాకు తెలిసి మాధవరావు ఒక్కడే.

నేను వేరే పని మీద మంథని వెళ్లినప్పుడు చూశాను. ఇరవై ఏళ్లవాడు, సన్నగా, పొడుగ్గా, ఎనిమిదేళ్ల పిల్లల పక్కన కూర్చుని ఉన్నాడు. పిల్లలు వాడికంటే ముందున్నారు. శాస్త్రి గారు నన్ను చూసి లేచి వచ్చారు.

"ఆర్నెల్లాయె నాయనా. ఇంకా 'రామః, రామౌ' దాటలే. పిల్లగాడు మంచోడు. చెప్పిన పని చేస్తడు, పెద్దలంటే గౌరవం ఉన్నది. సంస్కృతమొక్కటే వస్తలేదు. దొరకు నేను చెప్పలేను, మీరు జర చెప్పరాదూ?"

"నేను ఒకసారి చెప్పి చూసినండి" అన్నాను.

మాధవరావు బస్సు దాకా నాతో నడిచి వచ్చాడు. ఊరు దాటాక, "వకీల్ సాబ్, మీ లెక్క సదివిన" అన్నాడు.

"చింపేసిండు గద మీ బాపు?"

"జేబుల నుంచి తీసి పారేసిండు. నేను ఏరుకొని అతికిచ్చిన. లెక్క మంచిగనే ఉన్నది గనీ ఒకటి ఇడిసిపెట్టిన్రు. ఆడ ఏడాదిల సగం సెలవులే అని ఎనక పేజీల మీరే రాసిన్రు. సెలవులల్ల కాలేజీ గది ఖాళీ చెయ్యాల్నని రాసిన్రు. మరి గా సెలవులల్ల ఏడ ఉండాలె, ఏం తినాలె? ఆ ఖర్చు మొత్తంల కలుపలే."

నేను నడక ఆపాను. నిజమే, కలపలేదు. ఈ పొరపాటు హైదరాబాదులో ప్రొఫెసరు కనిపెట్టలేదు, బారిష్టరు సాబ్ కనిపెట్టలేదు. ఆయనైతే లెక్కే చూడలేదు.

"నీకు పోవాలని ఉన్నదా?"

"నన్నెవరన్న అడిగిన్రా సార్? ఇవ్వాళ మీరడిగిన్రు." వాడు చేతిలోని శబ్దాల పుస్తకాన్ని చుట్టగా చుట్టాడు. "ఆడికి పోయి ఫెయిలయితె బాపు బతుకడు. పోనంటె నన్ను బతుకనియ్యడు. ఏం జెయ్యాల్నో తెలుస్తలేదు."

బస్సు వచ్చింది, ఎక్కాను.

రాజవ్వ

డబ్బు కోసం దొర అమ్మదలచిన మాగాణి ఖాళీగా లేదు. మూడు కుటుంబాలు తండ్రుల నాటి నుంచి దాన్ని దున్నుతున్నాయి. చట్టం ప్రకారం వాళ్లు రక్షిత కౌలుదారులు. వాళ్లను కాదని బయటివాడికి అమ్మడానికి లేదు. వాళ్లంతట వాళ్లు హక్కు వదులుకుంటున్నామని రాజీనామా రాసిచ్చి, తహశీల్దారు ముందు ఒప్పుకుంటేనే భూమి ఖాళీ అవుతుంది. దొర ముగ్గురి చేతా వేలిముద్రలు వేయించాడు. ఎలా వేయించాడో మా వైపువాళ్లకు చెప్పనక్కరలేదు.

బారిష్టరు సాబ్ ఆ కాగితాలు నా ముందు పెట్టి, "వెళ్లి ఒప్పించుకురా" అన్నాడు.

"నేను పోనండి" అన్నాను.

"ఎందుకు?"

"వాళ్లు ఇష్టపడి ఇచ్చిన కాగితాలు కావవి."

"ఇష్టం ఏమిటోయ్? వేలిముద్ర ఉంది కదా!" అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నీకు ఈ వృత్తి అచ్చిరాదు" అని కూడా అన్నాడు. చివరికి ఆయనే సూటు వేసుకుని మంథని బయలుదేరాడు. దొర పని ఇంకొకరికి అప్పజెప్పేంత చిన్నది కాదు మరి. అదే రోజు నాకూ మంథని తహశీల్ కచేరీలో వేరే కేసు ఉండటం వల్ల, జరిగింది వెనక బెంచీలోంచి చూశాను.

తహశీల్దారు కొత్తగా వచ్చిన పడుచువాడు. మొదటి ఇద్దరు కౌలుదారులు దొర వైపు చూసి, తల ఊపి, ఇష్టంగానే ఇచ్చామని గొణిగారు. మూడో మనిషి రాజవ్వ. నడివయసు విధవ. మొగుడు పోయాక పొలం తనే చూసుకుంటోంది. కొంగు నడుముకు చుట్టి వచ్చి నిలబడింది.

"రాజీనామా నువ్వే ఇచ్చినవా అవ్వా?" అని అడిగాడు తహశీల్దారు.

"ఏలు నాదే సారు."

"ఇష్టపడి ఇచ్చినవా?"

"దొర చెప్పిండు. సిన్నదొర లండన్ పోతడట, బారిష్టరై వస్తడట. వచ్చినంక మా కేసులన్ని పైసలు లేకుంట పుణ్యానికే సూస్తడట. అందుకని భూమి ఇడువుమన్నడు."

బారిష్టరు సాబ్ చిరునవ్వుతో, "చూశారా, అంతా స్వచ్ఛందంగానే జరిగింది" అన్నాడు.

రాజవ్వ ఆయన వైపు తిరిగింది. "ఆగు సారు, నేనింక అయిపోలే. ఇంటికి పోయి రాత్రంత సోంచాయించిన. కేసులు పుణ్యానికి సూస్తడు, మంచిదే. గనీ ఉన్న భూమి మీకిచ్చినంక నాకు కేసేముంటది? దేని మీద కొట్లాడుత? గదొక్కటి సమజయితలేదు. జర నువ్వన్న చెప్పు."

బారిష్టరు సాబ్ ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టాడు. తహశీల్దారు చెయ్యి ఎత్తి ఆపి, మొదటి ఇద్దరినీ మళ్లీ పిలిచాడు. దొరను బయట కూర్చోమని, తలుపు వేయించి అడిగాడు. అప్పుడు వాళ్లకూ నోరు పెగిలింది. మూడు రాజీనామాలూ చెల్లవని రాశాడు.

లండన్‌లో చదివిన బారిష్టరు, బడి మొహం చూడని రాజవ్వ ముందు ఓడిపోయాడని నేనంటే అది ఆయనకు మర్యాద ఇచ్చినట్టవుతుంది. ఓడిపోవడానికి ఆయన అసలు వాదించనేలేదు. సూటు వాదిస్తుందనుకున్నాడు.

ఆ వారమే ఆయన దగ్గర మానేసి, కోర్టు ఎదుట రేకుల వరండాలో నా సొంత బల్ల వేసుకున్నాను. రాజవ్వా వాళ్లూ తరువాత కొన్నేళ్లకు ఆ భూమిని సర్కారు కట్టిన ధరకు, వాయిదాల మీద కొనుక్కున్నారు. ఆ కాగితాలు రాసింది నేనే.

సాగనంపుడు

మాగాణి అమ్మడం కుదరకపోయినా దొర పట్టు వదలలేదు. హైదరాబాదులో ఉన్న ఇల్లు అమ్మాడు. భార్య నగలు తాకట్టు పెట్టాడు. యూనివర్సిటీ నుంచి జవాబు ఇంకా రాలేదు. బారిష్టరు సాబ్ మాత్రం, సీటు వచ్చినట్టే, మీరు ముహూర్తం చూసుకోండి అన్నాడు. సీటు రాకముందే సాగనంపుడు విందు పెట్టారు. బ్యాండు మేళం, పూలదండలు, కరీంనగరం స్టూడియో నుంచి ఫోటోగ్రాఫరు. చెమటలు కారుతున్న మాధవరావుకు ఉన్ని సూటు తొడిగి, తండ్రి పక్కన నిలబెట్టి ఫోటో తీశారు. బారిష్టరు సాబ్ ఉపన్యాసం ఇచ్చాడు. మంథని తాలూకాకు ఇక లండన్ దూరం కాదన్నాడు.

విందు అయిన మూడో నాడు దొర ఒంటరిగా నా వరండాకు వచ్చాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన కాగితం నా చేతికి ఇచ్చి, "సదువు" అన్నాడు. బారిష్టరు దగ్గరికి ఎందుకు పోలేదో నేను అడగలేదు. దుర్వార్త చదివించుకోవడానికి జనం ఎప్పుడూ నా దగ్గరికే వస్తారు.

కాగితంలో ఉన్నది రెండే వాక్యాలు. దరఖాస్తు చూశాం, సీటు ఇవ్వలేం, అంతే. ఎంత మర్యాదగా రాశారంటే దొరకు నేను రెండుసార్లు తెలుగులో చెప్పాల్సి వచ్చింది.

ఆయన కాగితం వెనక్కి తీసుకుని రెండు వైపులా తిప్పి చూశాడు. చివరికి గొంతు తగ్గించి అడిగాడు.

"దీని మీద అప్పీలు ఎక్కడ చెయ్యాలె?"

"దీనికి అప్పీలు ఉండదు దొరా."

"ఉండకెట్ల ఉంటది? తహశీల్దారు మీద కలెక్టరున్నడు, కలెక్టరు మీద హైకోర్టున్నది. వాళ్ల మీద ఎవలు లేరా?"

"ఉన్నా మన ఫిర్యాదు తీసుకోరు."

"మరి విందు పెట్టిన గద వకీల్ సాబ్!" అన్నాడు. ఆయన మీద నాకు జాలి కలిగింది అక్కడొక్కచోటే. "పోరన్ని రైలెక్కియ్యకుంటె రేపు నా మొకం ఏడ వెట్టుకోవాలె?"

"హైదరాబాదు లా కాలేజీల చేర్పియ్యండి. ఇంకా టైమున్నది."

"లండన్ అని చెప్పి హైదరాబాదా!" అని లేచి వెళ్లిపోయాడు.

చెప్పిన రోజునే, పెద్దపల్లి స్టేషనులో, మళ్లీ దండలు వేసి మాధవరావును రైలెక్కించారు. సీటు కాగితం లేదు, పౌండ్లు లేవు, ఓడ టిక్కెట్టు లేదు. బండి కదిలేముందు తండ్రి కిటికీ దగ్గరికి వెళ్లి కొడుకు చెవిలో ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో తరువాత మాధవరావే నాకు చెప్పాడు. "బొంబయిల ఉండు. మూడేండ్ల దాక రాకు. ఎవలడిగినా లండన్‌ల ఉన్నవ్."

లండన్ కబుర్లు

భైంసాలో నాకొక పత్తి వ్యాపారి క్లయింటు ఉండేవాడు, మారుతి సేఠ్. ఏడాది తరువాత ఏదో బాకీ కేసు కోసం వచ్చి, టీ తాగుతూ అన్నాడు. "అహో వకీల్ సాహెబ్, మీ దిక్కు దొర కొడుకట, ఒక పోరడు మా పత్తి అమ్మిపెట్టే ఆడతీ దుకాణంల పనిచేస్తుండు, బొంబయిల. మాధవ్. పత్తి చేతిల పట్టి పోగు గుంజి ఏ రకమో చెప్తడు. హిసాబు పక్కా. ఆడి సేఠ్ వాణ్ని ఇడిసిపెట్టడు ఇగ."

నేను విని ఊరుకున్నాను. క్లయింటు ఇంటి గుట్టు బయట పెట్టకూడదు. దొర నాకు క్లయింటు అవునో కాదో తెలియదు, ఫీజైతే ఎప్పుడూ ఇవ్వలేదు. అయినా ఊరుకున్నాను.

ఇక్కడ మాత్రం లండన్ కబుర్లు జోరుగా సాగాయి. దొర మంథని బజారులో నిలబడి, మా వాడు రాసిండు, ఆడ ఎండ పొద్దు కనబడదట, నీళ్లు గడ్డకడ్తయట అని చెప్పేవాడు. జనం నోళ్లు తెరిచి వినేవాళ్లు. దానికి నాకు కోపం రాలేదు. తన అబద్ధం ఖరీదు ఆయన ఇల్లమ్మి కట్టాడు.

కోపం వచ్చింది ఒక సాయంత్రం కోర్టు లైబ్రరీలో. నలుగురు వకీళ్ల మధ్య బారిష్టరు సాబ్ కూర్చుని ఉన్నాడు. ఎవరో మాధవరావు సంగతి అడిగారు. ఆయన చుట్ట నోట్లోంచి తీసి, "బ్రహ్మాండంగా ఉన్నాడు. లండన్‌లో నా పాత మిత్రుడొకరు రాశారు. మొన్న మనవాణ్ని ఇంటికి భోజనానికి పిలిచారట. కత్తీ ఫోర్కూ పట్టుకోవడం చూసి మంచి వంశం అని గుర్తుపట్టారట" అన్నాడు.

ఆ సాయంత్రం ఆ పిల్లవాడు బొంబాయిలో పత్తి బేళ్ల మధ్య కూర్చుని చేత్తో రొట్టె తుంచుకు తింటుంటాడని నాకు తెలుసు. బారిష్టరు సాబ్‌కు తెలియదు. తెలియకపోయినా చెప్పాడు. అబద్ధమని తెలిసి అబద్ధం చెప్పేవాడితో వేగవచ్చు. ఏది నిజమో కనుక్కోవాలన్న ఊహే లేకుండా మాట్లాడేవాడు మన వృత్తికి చెద. ఇది కుర్రవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన మాట. ఆయన తరువాత పెద్ద పదవులకు పోయాడు, ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

తిరిగి రాక

మూడేళ్లు దాటాక మాధవరావు వచ్చాడు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. దొర కరీంనగరంలో ఒక హాలు తీసుకుని సన్మానం పెట్టాడు. నాకూ పిలుపు వచ్చింది. వెళ్లాను. ఇంత కథ చూసినవాడిని, ఆ ఒక్కటి వదులుకోవడం నావల్ల కాలేదు.

మాధవరావు ఒళ్లు చేశాడు. తెల్లటి చొక్కా, పంట్లాము వేసుకుని వచ్చాడు. ఉన్ని సూటు కోసం దొర బతిమాలాడట, వాడు వేసుకోనన్నాడట. వేదిక మీద బారిష్టరు సాబ్ దండ వేసి, ఇంగ్లీషులో లండన్ ఎలా ఉందని అడిగాడు.

మాధవరావు లేచి, చేతులు జోడించి, తెలుగులో అన్నాడు.

"పెద్దలందరికి దండం. నేను లండన్ పోలే. బొంబయిల ఉన్న. పత్తి దుకాణంల పనిచేసిన. బారిష్టర్ని కాదు. బాపును ఏమనకున్రి. నాకు సీటు రాలే, అంతే."

దొర కుర్చీలో కూలబడి కళ్లు మూసుకున్నాడు. నేను బారిష్టరు సాబ్ మొహం చూస్తున్నాను. ఒక్క క్షణం, ఒక్కటే క్షణం, ఆ మొహంలో రంగు మారింది. వెంటనే చప్పట్లు కొడుతూ ముందుకు వచ్చాడు.

"చూశారా! ఇదండీ ఇంగ్లీషు చదువంటే! ఇంత చదివీ చదవలేదంటాడు. ఈ వినయం అక్కడే నేర్పుతారు!"

హాలు మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. వెనక వరుసలో ఒక ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. మాధవరావు "నిజం సార్, నిజంగ పోలే" అని ఇంకా గట్టిగా అన్నాడు. చప్పట్లూ ఇంకా గట్టిగా మోగాయి. వాడు నా వైపు చూశాడు. నేను చేతులు రెండూ చాపాను. దానికి కూడా అప్పీలు లేదు మరి.

వాడు భైంసాలో మారుతి సేఠ్‌తో కలిసి పత్తి వ్యాపారం పెట్టాడు. తల్లి నగలు విడిపించాడు. తండ్రిని చివరిదాకా తన దగ్గరే ఉంచుకున్నాడు. దొర ఆ దుకాణం గద్దె మీద కూర్చుని, వచ్చిన ప్రతివాడికీ లండన్ చలి గురించి చెప్తూనే పోయాడు. కొడుకు కాదనడం మానుకున్నాడు.

జనం మాత్రం వాణ్ని బారిష్టరు దొర అనే పిలిచారు. కాదంటే వినయమన్నారు. దుకాణం ముందు కాగితాలు పట్టుకుని నిలబడేవాళ్లు. వాడు విసుక్కోకుండా అందరి గోడూ వినేవాడు. నిజంగా తగాదా ఉంటే నా దగ్గరికి పంపేవాడు. అలా వచ్చిన కేసుల్లో ఒక్కటీ పస లేనిది లేదు. పస లేనివాటిని అక్కడే ఆపి ఇంటికి పంపేవాడు.

అలా పంపినవాళ్లలో ఒకడు, జైనూరు దిక్కు రైతు, నమ్మకం కుదరక నా దాకా వచ్చాడు. గట్టు తగాదా. కాగితాలు చూశాను. మాధవరావు చెప్పిందే నిజం, కేసు లేదు. అదే చెప్పాను. రైతు వెళ్లకుండా తలగీరుకుంటూ నిలబడ్డాడు.

"ఏంది?" అన్నాను.

"ఏం లే సారు. గా బారిష్టరు దొర గూడ కేసు లేదు, ఇంటికి పో అన్నడు. ఫీజు గూడ తీసుకోలే." వాడు అటూ ఇటూ చూసి, నా బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించాడు. "నిజం చెప్పు సారూ, ఆయన అసలు లండన్‌ల సదివిండా?"